చేతులు ఖాళీ లేనివాళ్ల పత్రిక



నేను జర్నలిజం విద్యార్థినిని. కొత్త పత్రిక ఒకటి ఊహించి డమ్మీ కట్టి తెమ్మన్నారు మా క్లాసులో. ఎవరికోసం, ఎన్ని పేజీలు, ఏయే శీర్షికలు, వెల ఎంత, అన్నీ రాసి చూపాలి. నేను మీ ములకలపల్లిని ఎంచుకున్నాను. నా మొదటి డమ్మీ నలభై ఎనిమిది పేజీలు. నున్నటి కాగితం, అట్ట మీద వాగులో పొద్దుగూకే బొమ్మ, లోపల జాతర ఫొటోలు, అడవి వంటలు. మార్కులు బాగానే వచ్చాయి. ఇంటికి వెళ్లి మళ్లీ తిరగేస్తే తెలిసింది, అందులో మీరంతా బొమ్మల్లో ఉన్నారు, చదివేవాళ్లలో లేరు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పాత పత్రికల చరిత్ర మళ్లీ చదివాను. రామోజీరావు 'ఈనాడు' దినపత్రిక పెట్టింది 1974లో. దానికి ఐదేళ్ల ముందే, 1969లో, రైతుల కోసం 'అన్నదాత' తెచ్చారు. పొలంలో ఉన్న మనిషికి ఈ నెల ఏం కావాలన్నదే ఆ పత్రికకు పునాది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' వేసి జవాబిచ్చారు. ఒక నిందకు జవాబుగా కూడా సంచిక పుడుతుందని అక్కడ నేర్చుకున్నాను. మరి ములకలపల్లిలో పత్రిక చదివేదెవరు అని నన్ను అడిగినవాళ్లకు నేనేం జవాబివ్వాలి?

తునికాకు సీజన్‌లో మళ్లీ ఇక్కడికి వచ్చాను. తెల్లారకముందే ఊరు ఊరంతా అడవిలో ఉంది. ఎండ ముదిరే వేళకు మూటలతో తిరిగొచ్చి, నీడన కూర్చుని ఆకు పేర్చడం మొదలుపెట్టారు. కట్టకు యాభై ఆకులు. సాయంత్రానికి ఆకు కొనే కల్లానికి చేర్చాలి. అంతసేపూ చేతులకూ కళ్లకూ తీరిక లేదు. చెవులు మాత్రం ఖాళీ. పక్కనే వేసవి సెలవుల్లో ఉన్న పిల్లలు ఆడుకుంటున్నారు, వాళ్లకు చదవడం వచ్చు. నా పత్రిక నాకు అక్కడ కనిపించింది: పిల్లలు పైకి చదివితే పెద్దలు పని చేసుకుంటూ వినే పత్రిక.

నాలుగు పేజీలు రాసి, జిరాక్సు తీసి, ఐదో తరగతి పాప చేతికిచ్చాను. రెండు పేరాలు చదివిందో లేదో, ఒక పెద్దమ్మ చేతిలో ఆకు కింద పెట్టేసింది. "ఆపు బిడ్డా, నీ ముచ్చట వింటుంటే నా లెక్క పోయింది" అంది. కట్టలో ఆకు తగ్గితే కల్లం దగ్గర మాట పడాల్సింది ఆమే. నేను మురిసిపోతూ రాసిన వాక్యం ఆమె కూలికి అడ్డం పడింది. ఎడిటింగ్ గురించి ఇంత సూటిగా నాకు ఎవరూ చెప్పలేదు.

అందరూ ఒకేసారి లెక్క పెట్టరు, ఒకేసారి నార చుట్టరు. అందుకని చదివే వేళను పనికి జతకట్టడం కుదరలేదు. రాతనే మార్చాను. ఒక్కో అంశం రెండు నిమిషాలకు మించదు. ధర, తేదీ, ఎవరిని కలవాలన్న సంగతి రెండుసార్లు వస్తాయి. మొదటిసారి లెక్కలో పడి పోగొట్టుకున్నవాళ్లకు రెండోసారి అందుతుంది. "పైన చెప్పినట్టు" అన్న మాట తీసేశాను. వినేవాళ్లకు పైనా కిందా ఉండవు కదా.

భాష దగ్గర ఇంకో తప్పు చేశాను. ఒక తాత కోయ భాషలో మాట్లాడుతూ "ఏరు" లేదన్నాడు. నేను ఊరికి వాగు లేదని రాసుకున్నాను. కోయలో ఏరంటే నీళ్లు. ఆయన చెప్పింది తాగునీటి గోడు. అలా రాసిన వార్త అచ్చయి ఉంటే, చదివిన అధికారి ఎవరైనా వాగు ఉంది కదా అని పక్కన పెట్టేసేవాడు. ఇప్పుడు ఒక పేజీ కోయ మాటల్లోనే ఉంటుంది, తెలుగు లిపిలో. ఆ పేజీని ఊళ్లో పెద్దలు విని ఒప్పుకున్నాకే జిరాక్సుకు వెళుతుంది.

ఫోన్లుండగా కాగితం ఎందుకని మా స్నేహితులు అడుగుతారు. మంచి ప్రశ్నే. 2008 నుంచి జహీరాబాద్ దగ్గర మాచనూరులో మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు, గొంతుకున్న బలం నాకు తెలుసు. అయినా కాగితాన్ని చూరులో దోపి ఉంచొచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభలో ఏం అడగాలో రాసిన పేజీని సభకు పట్టుకెళ్లొచ్చు. సెలవుల్లో చదువు మరిచిపోయే పిల్లకు రోజూ పైకి చదివే పని దొరుకుతుంది. నాకు ఈ మూడోదే ఎక్కువ ఇష్టం.

2001లో చిత్తూరు జిల్లాలో పొదుపు సంఘాల మహిళలు 'నవోదయం' పత్రిక తెచ్చారు. వాళ్లు తమ ఊళ్ల వార్తలు తామే రాశారు. నా డమ్మీలో ఇంకా అన్నీ నేనే రాస్తున్నాను, అది లోపమే. రాయడానికి ముందుకొచ్చే అక్కలు ఈ సభలో ఉన్నారనే వచ్చాను.

ఖర్చు పెద్దది కాదు. ఏ3 కాగితం ఒకటి రెండు వైపులా జిరాక్సు తీసి మడిస్తే నాలుగు పేజీలు. పేరు ఇంకా పెట్టలేదు, మీరే పెట్టాలి.

ఇప్పుడు నా పక్కనున్న పాప కొత్త డమ్మీలో మొదటి పేజీ చదువుతుంది. ముందు వరుసలో ఉన్న అమ్మలకు తలా ఇన్ని ఆకులు తెచ్చి పెట్టాం. కట్ట కడుతూ వినండి. లెక్క ఎక్కడ తప్పుతుందో అక్కడ చెయ్యెత్తండి, ఆ వాక్యం కింద గీత గీసుకుంటాను.