లెక్క అడిగితే తప్పేమిటి?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనవాళ్లలో ఒక అలవాటుంది. కమిటీ పెద్దలను లెక్క అడిగితే "మా మీద నమ్మకం లేదా సాబ్?" అంటారు. అడిగినవాడు తల దించుకుంటాడు. ఇదే మర్యాద అనుకుంటున్నాం. కాని ఖురాన్ షరీఫ్‌లో అన్నిటికంటె పొడవైన ఆయత్, బఖరా సూరాలో 282వది, చెప్పేదేమిటి? అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రాసుకోండి, సాక్షులను పెట్టుకోండి అనే గదా!

మా అనుభవం ఒకటి చెప్పుకోవాలి. కొన్నేళ్ల కిందట వేరొక కమిటీలో మేమూ సభ్యులం. యతీం పిల్లల యూనిఫారాలకు గుడ్డ కొనవలసివచ్చింది. కమిటీలో ఒకాయనకే బట్టల దుకాణం. ఆయన ధర చెప్పాడు, మేము సరే అన్నాం. మరో దుకాణంలో వాకబు చేయలేదు. ఆయన మోసం చేశాడని మేము అనడం లేదు. చేశాడో లేదో తెలిసే దారి మేమే మూసేశాం. కొన్నాళ్లకు ఒక పిల్లవాడి తల్లి, రెండు ఉతుకులకే చిరిగిన చొక్కా తెచ్చి చూపింది. నిష్ఠూరం ఆడలేదు. "ఇంకొకటి దొరుకుతుందా మాస్టర్ సాబ్?" అని మాత్రం అడిగింది. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పే మేము ఆమెకు జవాబు చెప్పలేకపోయాం.

జకాత్ వసూలుకు వెళ్లివచ్చిన ఒకాయన "ఇది మీది, ఇది నాకిచ్చిన కానుక" అన్నప్పుడు, తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుంటే ఆ కానుక వచ్చేదా అని ప్రవక్త (స) నిలదీసిన సంగతి బుఖారీ హదీసుల్లో ఉంది. ఆ ప్రశ్న మా కమిటీలో ఎవరమూ వేసుకోలేదు.

చట్టమూ ఇదే అంటుంది. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏటా ఆడిట్ అయిన లెక్కలూ, కమిటీ సభ్యుల జాబితా రిజిస్ట్రారుకు దాఖలు చేయాలి. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడి కోదాడ అందులోకి వెళ్లింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉంది. సభ్యులు రెండు జిల్లాలవారైనా లెక్కల పుస్తకం ఒక్కటే.

కనుక మేము కోరేది ఇది. తన దుకాణం, తన చుట్టం విషయం వచ్చినప్పుడు సభ్యుడు ముందే చెప్పి, ఆ చర్చ అయ్యేదాకా బయట కూర్చోవాలి. ఆ మాట మినిట్స్ బుక్కులో రాయాలి. జకాత్ సొమ్ముకు వేరే ఖాతా ఉండాలి. తౌబా సూరా 60వ ఆయత్‌లో దానికి ఎనిమిది పద్దులే ఉన్నాయి. అందులో సావనీరు అచ్చు ఖర్చు లేదు (ఎడిటర్ సాబ్ మన్నించాలి).

ఈ ఏటి జమాఖర్చుల కాగితం మూడు ఊళ్ల మసీదుల దగ్గరా ఉర్దూలో, తెలుగులో అంటించాలి. తర్జుమా మేము చేసిపెడతాం. సెక్రటరీ సాబ్ బిల్లులు ఇప్పిస్తే చాలు.