నల్లనీళ్లు యాడ పోస్తావు?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఏదైనా మాట్లాడమని సంఘం వాళ్లు అడిగితే, నాకు తెలిసింది చెత్త గురించే కదా అనిపించింది. ఇన్నేళ్లుగా నా పని చెరుకు పిప్పి, వరిగడ్డి, చెనక్కాయ పొట్టులతోనే. వాటిలోంచి లిగ్నిన్ అనే పదార్థాన్ని విడదీయడం నా ఉద్యోగం.

మన పాత ఇళ్లలో తడిక గోడలు గుర్తున్నాయా? వెదురు బద్దలు, వాటిని కట్టిన నార, పైన మెత్తిన మట్టి. మొక్కలోని కణం గోడ కూడా అలాంటిదే. బద్దలు సెల్యులోజు, నార హెమిసెల్యులోజు, మట్టి లిగ్నిన్. కాగితానికైనా ఇథనాలుకైనా మనకు ముఖ్యంగా కావలసింది బద్దలు. మట్టి రాలగొట్టందే అవి చేతికి రావు. ఎండిన చెరుకు పిప్పిలో లిగ్నిన్ సుమారు ఐదో వంతు ఉంటుంది. చెనక్కాయ పొట్టులో దాదాపు మూడో వంతు. అందుకే పొట్టు దిబ్బలో వేసినా తొందరగా కుళ్లదు. నాలుగు గదుల పొట్ట ఉన్న ఆవు కూడా లిగ్నిన్‌ను అరిగించుకోలేదు.

దాన్ని వదిలించే విద్య మనకు మరీ కొత్తేమీ కాదు. చాకిరేవులో బట్టలను చౌడు నీళ్లలో తడిపి, బానల మీద పేర్చి ఉబ్బ పెట్టేవాళ్లు. చౌడులోని క్షారం, ఆవిరి కలిసి మురికిని వదిలించేవి. మేము ల్యాబులో చేసేదీ అలాంటిదే. చౌడు బదులు కాస్టిక్ సోడా, బాన బదులు పెద్ద ప్రెషర్ కుక్కరు లాంటి పాత్ర. క్షారానికి లిగ్నిన్ కట్లు తెగి నీళ్లలో కరుగుతుంది. తెల్లటి పీచు మిగలాలంటే ఆ నల్లని నీళ్లు వంపేసి, మళ్లీ మళ్లీ కడగాలి.

ఇది పెద్ద ఎత్తున జరుగుతున్న పనే. తమిళనాడులో కరూరు దగ్గర ప్రభుత్వ న్యూస్‌ప్రింట్ మిల్లు 1980ల నుంచి చెరుకు పిప్పితో కాగితం చేస్తోంది. హర్యానాలోని పానిపట్‌లో ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డి నుంచి సుమారు 3 కోట్ల లీటర్ల ఇథనాలు తీసేలా కట్టిన కర్మాగారాన్ని 2022లో ప్రారంభించారు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఊరికి వచ్చి, బెల్లం గానుగ దగ్గర ఇదంతా గొప్పగా చెప్పాను. "పిప్పిని ఊరికే పొయ్యిలో తగలేస్తున్నారు" అన్నాను. పాకం కలుపుతున్న పెద్దాయన తల ఎత్తకుండానే రెండు ప్రశ్నలు వేశాడు.

"పిప్పి నువ్వు ఎత్తకపోతే పొయ్యిలోకి ఏం పెట్టాల? ఆ నల్లనీళ్లు యాడ పోస్తావు నాయనా?"

నా దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత నా పనంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూనే తిరిగింది.

మొదటిదానికి జవాబు: ఎవరికీ అక్కరలేనిదే వ్యర్థం. గానుగ పొయ్యికి పిప్పి వంటచెరుకు. చెనక్కట్టె పశువుల మేత. వాటి జోలికి పోకూడదు. పొలంలో తగలబెట్టే చెత్త సంగతి వేరు.

రెండోది కష్టమైనది. పెద్ద కాగితం మిల్లులు నల్లనీళ్లను చిక్కగా మరిగించి బాయిలర్‌లో మండిస్తాయి. లిగ్నిన్ మండి ఆవిరిని ఇస్తుంది, సోడా తిరిగి చేతికొస్తుంది. అంత ఖరీదైన ఏర్పాటు చిన్న యూనిట్ పెట్టుకోలేదు. అప్పుడు ఆ నీళ్లు వంకలోకి, వంక నుంచి చెరువులోకి పోతాయి. వెయ్యి అడుగుల బోరు వేసినా చుక్క రాని మన పడమటి మండలాల్లో, కడగడానికి నీళ్లు ఎక్కడివి? కడిగిన నీళ్లు ఎక్కడికి? అందుకే సొంత ఊళ్లో యూనిట్ పెడతామన్న ఇద్దరు కుర్రాళ్లను వద్దన్నాను. నా విద్యను నేనే వద్దన్నట్టు అనిపించింది, కానీ అదే సరైన సలహా.

మనకు సరిపడే దారులు ఉన్నాయి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియాను 50, 60 లీటర్ల నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు మాగబెడితే అమ్మోనియా పుట్టి గడ్డిలోని పట్టు సడలుతుంది. లిగ్నిన్ పోదు గానీ పశువుకు గడ్డి బాగా అరుగుతుంది. ముత్యపు చిప్ప పుట్టగొడుగైతే ఇంకో మెట్టు పైన. తన ఎంజైములతో లిగ్నిన్‌నే విరగ్గొడుతుంది. కాస్టిక్ సోడా అక్కర్లేదు, నల్లనీళ్లు రావు. వారాలు పడుతుంది, అంతే. ఓపిక మన రైతుకు కొత్త కాదు.

లిగ్నిన్‌ను శత్రువుగా చూడటం కూడా మా పొరపాటే. నార్వేలో కలప లిగ్నిన్ నుంచి వెనిలిన్ తీస్తున్నారు, ఐస్‌క్రీములో మనకు వచ్చే ఆ వాసనే.

చివరగా ఒక కోరిక. మన బడి సైన్సు గదికి ఒక పొయ్యి, ఒక గిన్నె, ఒక జల్లెడ నేనిస్తాను. సారు దగ్గరుండగా పిల్లలు వరిగడ్డి ముక్కల్ని బట్టల సోడాతో ఉడికించి, కడిగి, దంచి, జల్లెడ మీద ఒక మోటు కాగితం తీయాలి. అది తీశాక సారు వాళ్లను ఒక్క ప్రశ్న అడగాలి.

గిన్నెలో మిగిలిన ఆ గోధుమరంగు నీళ్లు యాడ పోస్తారు?

నేను ఉద్యోగంలో చేరాక గానీ వినని ప్రశ్న అది. వాళ్లు ఎనిమిదో తరగతిలోనే వినాలి. సెలవు.