గాజుల లక్ష్మీనరసు శెట్టి
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



పఠనమందిరమునకు వచ్చువారు మొదట చేతికెత్తుకొనునది వార్తాపత్రిక, పుస్తకము తరువాత. చెన్నపట్టణమున భారతీయుల తరఫున ఇంగ్లీషులో తొలుత పత్రిక నడపినవాడెవడని అడిగినచో బదులు చెప్పగలవారు అరుదు. ఆయన జమీందారు కాడు, న్యాయవాది కాడు. గాజుల లక్ష్మీనరసు శెట్టి యను తెలుగు వర్తకుడు.

ఆయన 1806లో చెన్నపట్టణమున జన్మించెను. తండ్రిది నీలిమందు వ్యాపారము. కుమారుడు ఆ వ్యాపారమున ప్రవేశించి ధనము గడించెను. అంతటితో నిలిచియుండినచో ఆయన పేరు కోఠీల లెక్కపుస్తకములలో మాత్రమే మిగిలియుండును.

ఆ కాలపు దేశస్థితి తెలియవలెనన్న తిరుమల కొండ వంక చూచిన చాలును. 1801లో ఉత్తర ఆర్కాటు సీమ ఆంగ్ల కంపెనీ వశమైనది మొదలు శ్రీవారి ఆలయ నిర్వహణమును కంపెనీ అధికారులే చూచుచుండిరి. కానుకల సొమ్ము సర్కారు లెక్కలలో జమయగుచుండెను. క్రైస్తవ ప్రభుత్వము విగ్రహారాధనలో పాలుపంచుకొనుట తగదని ఇంగ్లండులో మతప్రచారకులు గట్టిగా ఆక్షేపించిరి. తుదకు 1843లో కంపెనీవారు నిర్వహణమును హాథీరాంజీ మఠపు మహంతు సేవాదాసునకు అప్పగించి తొలగిరి. 1933 వరకు ఆలయము మహంతుల చేతనే యుండెను. గుడి విషయమున తమకు జోక్యము వలదన్న సర్కారు బడి విషయమున మాత్రము అట్లు ఊరకుండలేదు. చెన్నపట్టణ గవర్నరు ట్వీడేల్ ప్రభువు 1846లో సర్కారు పాఠశాలలలో బైబిలును పాఠ్యగ్రంథముగా నుంచవలెనని ప్రతిపాదించెను. గుడి నుండి తొలగుట న్యాయమైనచో బడి నుండి తొలగుట న్యాయము కాదా?

ఈ ప్రశ్నను ఏలినవారి చెవిని వేయుటకు వారి భాషలోనే పత్రిక యుండవలెనని శెట్టి ముందుగానే గుర్తించెను. 1844లో ‘క్రెసెంటు’ అను పత్రికను స్థాపించెను. ఆ మాటకు నెలవంక యని యర్థము. ఎడ్వర్డు హార్లీ యను ఆంగ్లేయుని సంపాదకునిగా నియమించి, ఖర్చంతయు తానే భరించెను. దాని ప్రకటనను ప్రభుత్వపు గెజెట్టులో వేయుటకు సర్కారువారు నిరాకరించిరి. తెలుగువాడు తెలుగున పత్రిక పెట్టక ఇంగ్లీషున పెట్టుటేమని కొందరు నొసలు ముడువవచ్చును. అర్జీ యనునది అధికారి చదువగల భాషలో నుండవలెనని గ్రామములో అర్జీలు వ్రాసినవారికెల్ల తెలియును. బైబిలు ప్రతిపాదనమునకు ప్రతికూలముగా హిందువులు మహజరు పంపిరి. లండనులోని డైరెక్టర్లు ఆ ప్రతిపాదనమును త్రోసిపుచ్చిరి.

1852లో శెట్టి ‘మద్రాసు నేటివు అసోసియేషను’ను నెలకొల్పెను. మరుసటి యేడు కంపెనీ సనదును పార్లమెంటు మరల పరిశీలింపవలసియుండెను. అదను చూచి ఈ సంఘము లండనునకు మహజరు పంపెను. భూమిశిస్తు బరువు, కోర్టులలో జాప్యము, చెరువులు కాలువల దుస్థితి, విద్యకు చాలని ధనము, ఇవన్నియు అందులో కలవు. తరువాత డాన్బీ సీమూరు అను పార్లమెంటు సభ్యుడు చెన్నపట్టణమునకు రాగా, శెట్టి ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలలో తిరిగి రైతుల పాట్లు కన్నులార చూపించెను. దొరలు పల్లెకు వచ్చినచో సాధారణముగా చూచునది తోరణములు, పూలదండలు. ఈ దొర చూచినది వేరు.

కిస్తు చెల్లింపలేని రైతును చావడికి ఈడ్చుకొనివచ్చి కిట్టి పట్టుట అప్పటి ఆచారము. కిట్టి యనగా రెండు కఱ్ఱల నడుమ వ్రేళ్లనుంచి నొక్కుట. మెడకు త్రాడు వేసి వంచి కాలి బొటనవ్రేలికి కట్టుట, వీపున రాయి మోపి ఎండలో నిలుపుట, కన్నుల కారము చల్లుట మొదలగునవియు కలవు. వాన పడకున్నను, పైరు ఎండినను వసూలు వసూలే. కామన్సు సభలో ఈ మాట లేచినప్పుడు చాలమంది నమ్మలేదు. కాని 1854లో విచారణ సంఘమును నియమింపక తప్పలేదు. ఇలియట్, స్టోక్సు, నార్టను అను మువ్వురు అందలి సభ్యులు. వారికి అందిన ఫిర్యాదులు 1,959. కొందరు నూఱు మైళ్లకు పైగా నడచివచ్చి మొఱ పెట్టుకొనిరి. హింస కలదని 1855లో ఆ సంఘము నివేదించెను. 1857లో కార్లు మార్క్సు అమెరికా దేశపు పత్రికలో దీనిని గూర్చి వ్రాసెను.

ఆ నివేదిక తెల్ల అధికారులను తప్పించి, నేరమును దేశీయులైన చిన్న ఉద్యోగుల మీద మోపెను. ఇందులో తప్పించుకొనుట కొంత, సత్యము కొంత. అంత శిస్తు విధించినవాడు దొర. కిట్టి పట్టినవాడు మాత్రము తహశీలు బంట్రోతు, ఊరి ఉద్యోగి. బాకీ పట్టీ చదివి పేరు పిలిచినవాడు కరణము. రైతు కేకలు అతని చెవిని పడకపోలేదు. గ్రామోద్యోగుల వంశములలో పుట్టినవారికి ఇది చేదుగా నుండును. అయినను కరణము వ్రాసిన లెక్కలో వసూలైన రూపాయి మాత్రమే కనబడును, అది యెట్లు వసూలైనదో కనబడదు. ఆ రెండవ లెక్కను వ్రాయించినవాడు లక్ష్మీనరసు శెట్టి. ఆయన తానుగా కిట్టి దెబ్బ తినలేదు. ఒక్క యెకరమునకైనను కిస్తు బాకీ పడి చావడి మెట్లెక్కలేదు. పట్టణపు వర్తకునికి ఈ గొడవ యేలయని బంధువులు అనుకొనియున్నను ఆశ్చర్యము లేదు. విచారణ ఫలితముగా రెవెన్యూ ఉద్యోగము నుండి పోలీసు అధికారమును వేరుచేయుచు 1859లో చట్టము వచ్చెను. శిస్తు అడుగువాడును, కొట్టువాడును ఒక్కడే కాకుండుట రైతునకు కలిగిన మేలు. శిస్తు బరువు మాత్రము చాలకాలము అట్లే నిలిచెను.

దొరతనమువారు తమను ఇన్ని యేండ్లు నిలదీసిన వానిని తుదకు గౌరవింపక తప్పలేదు. సి.యస్.ఐ. బిరుదు నిచ్చిరి. 1863లో చెన్నపట్టణ శాసన నిర్మాణ సభలో సభ్యత్వము నిచ్చిరి. ఆ పీఠము దక్కునాటికి ఆయన ఐశ్వర్యము తరిగిపోవుచుండెను. పత్రికకు, మహజరులకు, సభలకు, ప్రయాణములకు వెచ్చించిన సొమ్ము తిరిగి వచ్చునది కాదు. ఒకప్పుడు ధనికులలో లెక్కింపబడిన గృహస్థు 1868లో పేదవాడై మరణించెను.

చెన్నపట్టణమున మహాజనసభ 1884లో వెలసెను. అర్జీ వ్రాసి, నలుగురి చేత చేవ్రాళ్లు చేయించి, సముద్రము దాటించు విద్యను ఈ సీమకు నేర్పినవాడు అప్పటికి పదునారేండ్ల క్రిందటనే గతించియుండెను.