గడువు దాటిన కుర్చీ
(గమ్హరియాలో చేసిన ప్రసంగ పాఠము)



1987లో టాటా ఫుట్‌బాల్ అకాడమీ వెలసిన జంషెడ్‌పూర్ మనకు పొరుగూరే. కనుక ఆ ఆటను నడుపు సంస్థలో ఏమి జరిగినదో మనము ఎరుగవలెను.

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య కార్యవర్గమునకు 2020 డిసెంబరులో గడువు ముగిసినది. ఎన్నికలు మాత్రము జరుగలేదు. 2022 మే నెలలో సుప్రీంకోర్టు పాలకుల సంఘమును నియమించినది. ఇది బయటివారి జోక్యమని ఫిఫా ఆగస్టులో సమాఖ్యను సస్పెండు చేసినది. దెబ్బ ఎవరికి తగిలినది? కుర్చీ విడువని వారికి కాదు. ఆసియా క్లబ్బుల పోటీకై ఉజ్బెకిస్తాను చేరి, ఆడకుండనే మరలిన గోకులం కేరళ మహిళలకు!

కోర్టు ఆ సంఘమును తొలగించిన పిమ్మట, ఆగస్టు 26న సస్పెన్షను రద్దయినది. సెప్టెంబరు 2న ఎన్నికలు జరిగినవి. జస్టిస్ ఎల్. నాగేశ్వరరావు సిద్ధపరచిన నియమావళి ముసాయిదాను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొన్ని మార్పులతో ఆమోదించినది. అందు పదవీకాలమునకు హద్దు కలదు. క్రీడాకారులకు సర్వసభ్య సభలో స్థానము కలదు.

అయినను నియమావళి తనంత తాను అమలు కాదు. అడుగు సభ్యుడు ఉన్నచోటనే అది బ్రతుకును. మన శాఖలలో సకాలమున ఎన్నికలు జరుగుచున్నవా? లెక్కలు సభ ముందు ఉంచబడుచున్నవా? ఈ ప్రశ్న మొదట మనలను మనమే వేసికొందము.