ఎత్తిపోతల కింద మొసళ్లు, పైన కాలువ నీళ్లు

నందికొండ నుంచి కృష్ణ దాటి, మాచర్ల రోడ్డు పట్టుకుంటే సాగర్‌కు 11 కిలోమీటర్ల దూరంలో ఎత్తిపోతల వస్తుంది. అందరూ జలపాతం ముందు సెల్ఫీ దిగి వెళ్లిపోతారు. ఇవాళ మనం ఆ నీళ్లు తెచ్చే వాగు గురించి మాట్లాడుకుందాం.

దాని పేరు చంద్రవంక. నక్కల వాగు, తుమ్మల వాగు కూడా కలిసి సుమారు 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. అక్కడినుంచి లోయలో మూడు కిలోమీటర్లు పోతే కృష్ణే. చిన్న వాగు, అంతే.

మరి ఎండాకాలంలో కూడా జలపాతం ఎట్లా పారుతుంది? టూరిస్టుల కోసం సాగర్ కాలువ నీళ్లు వదులుతారు. 1967లో కాలువలు పారడం మొదలైనంక ఈ వాగుకు రెండో తల్లి దొరికినట్టే.

అసలు కథ కింద మడుగులో ఉంది. అక్కడ మొసళ్ల పెంపక కేంద్రం ఉంది. మన మంచినీటి మొసలి ఎండాకాలంలోనే ఒడ్డున గుంత తవ్వి గుడ్లు పెడుతుంది. పుట్టేది ఆడదా, మగదా అన్నది గుంతలోని వేడిని బట్టి తేలుతుంది (మా సాఫ్ట్‌వేర్ వాళ్లు దీన్ని కాన్ఫిగరేషన్ అంటారు). గుంతలోకి నీళ్లు చేరితే గుడ్లు పాడవుతాయి. అంటే పైన ఎంత నీరు, ఎప్పుడు వదులుతున్నారన్నది మనకు ఫొటో సంగతి, వాటికి సంతానం సంగతి. నా దృష్టిలో నీళ్లు వదిలే ముందు ఒడ్డు కూడా చూడాలి.

మీరు వెళ్తే పైనుంచే చూడండి, మడుగులోకి దిగొద్దు. నీటి మీద రెండు కళ్లు, ముక్కు కనిపిస్తే, మిగతా ఒళ్లంతా కిందే ఉన్నట్టు.