సంస్థలకు సొంత టెలిఫోను
(పాఠశాల వార్షికోత్సవమున, తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగపాఠము)



హోసూరునుండి కృష్ణగిరికి పోవు రహదారి వెంబడి నేడు కర్మాగారములు వరుసగా వెలసియున్నవి. 1971 లో సిప్‌కాట్ సంస్థ యేర్పడిన పిదప హోసూరు పారిశ్రామిక కేంద్రమైనది; ఆ విస్తరణము మన సూళగిరివరకును వచ్చినది. మన బిడ్డల తల్లిదండ్రులలో పలువురు ఈ కర్మాగారములలోనో, వానికి సరకు చేరవేయు చోటులలోనో పనిచేయుచున్నవారు. కావున ఒక సంస్థ తన సొంత నెట్‌వర్కు మీద తనవారికి టెలిఫోను వసతి నేర్పరచుకొనుట యెట్లో, అందు మరువరానిది యేమో ఈ దినమున విన్నవింపదలచినాము.

ఈ కోరిక క్రొత్తది కాదు. మన దేశమున 1882 లో కలకత్తా, బొంబాయి, చెన్నపట్టణములయందు టెలిఫోను ఎక్స్‌ఛేంజులు తెరవబడినవి. తరువాత రైల్వేవారు తమ మార్గముల వెంబడి తమకే చెందిన తీగలు వేసికొనిరి. స్టేషను మాస్టరు ప్రక్క స్టేషనువారితో మాటలాడి, దారి ఖాళీగా నున్నదని తెలిసికొనును. కంట్రోలరు ఒకే తీగపై తన విభాగములోని స్టేషనులన్నిటితో మాటలాడును. ఈ యేర్పాటు కేవలము ఖర్చు తగ్గించుటకు పుట్టినది కాదు. బండ్లు క్షేమముగా నడచుటకు పుట్టినది. ఆ విద్య నేర్పుటకై 1957 లో సికిందరాబాదున రైల్వే సిగ్నలు, టెలికమ్యూనికేషను శిక్షణసంస్థ స్థాపింపబడినది. 2000 లో రైల్‌టెల్ సంస్థ యేర్పడి, పట్టాల వెంబడి ఫైబరు తీగల జాలమును విస్తరింపజేసినది. సొంత టెలిఫోనునకు మొదటి ప్రయోజనము క్షేమమే యని రైల్వేలు మనకు నేర్పుచున్నవి.

ఇక నిర్మాణమును గూర్చి. సూళగిరిలో కర్మాగారము, హోసూరులో కార్యాలయము, కృష్ణగిరిలో గిడ్డంగి గల యొక సంస్థను తలచుకొందము. ఈ మూడు చోటులను కలుపు నెట్‌వర్కు కంప్యూటర్లకొరకు ముందే యున్నదనుకొందము. దానిపైననే మాటను గూడ పంపవచ్చును. టెలిఫోనులో మనము పలికిన పలుకు సెకనుకు 8,000 మారులు కొలవబడి అంకెలుగా మారును. ఆ అంకెలు సెకనుకు 50 చొప్పున చిన్న పొట్లములై బయలుదేరును. పలుకు మాత్రమే 64 కిలోబిట్లు. పొట్లముల పైవ్రాతతో కలిసి సుమారు 87 కిలోబిట్లు. ఒకేసారి పదిమంది మాటలాడినచో ఒక్కొక్క దిక్కునకు 900 కిలోబిట్లకు లోపుగనే పట్టును. నేటి ఫైబరు తీగకు ఇది భారము కాదు.

ఈ పిలుపులను కలుపుటకు ఎక్స్‌ఛేంజి యొకటి కావలయును. పూర్వమది గదినిండ యంత్రము. నేడొక సామాన్యమైన కంప్యూటరు చాలును. అమెరికాలో మార్క్ స్పెన్సర్ అను యువకుడు 1999 లో ఆస్టరిస్క్ అను ఎక్స్‌ఛేంజి ప్రోగ్రామును వ్రాసి, ఎల్లరును ఉచితముగా వాడుకొనునట్లు విడుదల చేసెను. టెలిఫోనులు ఒకదానినొకటి పిలుచుకొను పద్ధతికి సిప్ అని పేరు. దాని నియమములు 2002 లో స్థిరపడినవి. కావున వేర్వేరు కంపెనీల టెలిఫోనులైనను ఒక్క ఎక్స్‌ఛేంజిలో కలిసి పనిచేయును.

తరువాత నంబర్ల పంపకము. సూళగిరికి 2 తో, హోసూరునకు 3 తో, కృష్ణగిరికి 4 తో మొదలగు మూడంకెల నంబర్ల నీయవచ్చును. 1 తో మొదలగు నంబర్లు మాత్రము ఎవ్వరికిని ఈయరాదు. ఏలయన 100, 101, 108, 112 ఆపత్కాలపు నంబర్లు. 108 త్రిప్పినవానికి గిడ్డంగి గుమాస్తా పలికినచో ఎంతటి అనర్థము!

కంప్యూటరు పంపు ఉత్తరము అరసెకను ఆలస్యమైనను చెడిపోదు, మాట చెడును. ఒకవైపు ఆలస్యము సెకనులో 150 వేయవ వంతులు మించరాదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషను సంఘమువారి సలహా. 36,000 కిలోమీటర్ల యెత్తున నున్న ఉపగ్రహముద్వారా మాటలాడినచో పావుసెకను ఆలస్యమై, ఒకరి మాటపై నొకరి మాట పడును. అందుచేత రహదారిపై అంబులెన్సునకు ఎల్లరును దారి యిచ్చునట్లు, నెట్‌వర్కులో మాటల పొట్లములకు ముందు దారి యీయవలయును. ఈ యేర్పాటు స్విచ్చిలలో ముందుగనే చేసికొనవలయును.

బయటి పిలుపులు అనుమతి పొందిన కంపెనీల లైన్లద్వారానే పోవలయును. లోపలి నెట్‌వర్కును అడ్డుదారిగా వాడి ఛార్జీలు ఎగవేయుట చట్టవిరుద్ధము. ప్రతి టెలిఫోనుకును వేర్వేరుగా గట్టి పాస్‌వర్డు నుంచవలయును. లేనిచో దొంగలు రాత్రివేళ చొరబడి విదేశములకు పిలుపులు చేయుదురు, బిల్లు సంస్థ నెత్తిన పడును.

ఇంతవరకును చెప్పినది యంత్రము సంగతి. ఇక మనుష్యుల సంగతి. సెల్‌ఫోనులుండగా ఇదంతయు ఏలయని మీరడుగవచ్చును. అనేక కర్మాగారములలో పనిచేయు చోటికి సెల్‌ఫోనును తీసికొని పోనీయరు. చేయి యంత్రమున చిక్కుకొన్నవాని తోడివాడు మొదట పరుగెత్తునది గోడనున్న టెలిఫోను వద్దకే. అది ఆ క్షణమున పలుకవలయును.

పలుకుటకు విద్యుత్తు కావలయును. పాత తీగ టెలిఫోనుకు ఎక్స్‌ఛేంజిలోని బ్యాటరీలనుండి 48 వోల్టులు వచ్చెడివి. ఊరంతయు చీకటియైనను అది మ్రోగెడిది. క్రొత్త టెలిఫోనుకు ఆ భాగ్యము లేదు. స్విచ్చి ఆగినచో దానితోబాటు అదియును మూగవోవును. కావున స్విచ్చిలకును, ఎక్స్‌ఛేంజికిని బ్యాటరీల ఆధారముండి తీరవలయును.

పిలుపు సరియైన చోటునకు గూడ చేరవలయును. 108 అంబులెన్సు సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదున ఆరంభమై, 2008 లో తమిళనాడునకు వచ్చినది. మూడు చోటులకును బయటి లైను హోసూరులోనే యున్నచో, కృష్ణగిరి గిడ్డంగినుండి చేసిన పిలుపు హోసూరు నంబరుతో పోవును. తొందరలో చిరునామా చెప్పలేనివాని వద్దకు అంబులెన్సు ఎట్లు వచ్చును? కావున ప్రతిచోటను స్థానికపు లైను ఒకటి యుండవలయును. 108 త్రిప్పినంతనే ద్వారమువద్ద కావలివాని టెలిఫోనును మ్రోగవలయును.

కడపట భాష. మన ప్రాంతపు కర్మాగారములలో తమిళము, తెలుగు, కన్నడము కలిసి వినవచ్చును. ఉత్తరదేశమునుండి వచ్చినవారి హిందీయును కలదు. ఎక్స్‌ఛేంజి మనదైనప్పుడు అందలి ప్రకటనలను మనమే రికార్డు చేసికొనవచ్చును. “మంటలు లేచినవి, తూర్పు ద్వారమున బయటికి రండు” అను హెచ్చరిక ఇంగ్లీషులో మాత్రమే వినిపించినచో కొందరి చెవికది వట్టి చప్పుడు. దానిని పనివాండ్రు మాటలాడు ప్రతి భాషలోను రికార్డు చేయుటకు ఖర్చేమియు లేదు. కాని తప్పులేకుండ వ్రాసి, స్పష్టముగా పలుకగలవారు కావలయును. తెలుగునకు అట్టివారిని సిద్ధము చేయుచున్నది ఇట్టి పాఠశాలలే.

కాబట్టి తల్లిదండ్రులారా, మీ సంస్థలో మూడు ప్రశ్నల నడుగుడు. కరెంటు పోయినప్పుడు మా టెలిఫోను పలుకునా? ఇక్కడ 108 త్రిప్పినచో అంబులెన్సు ఇక్కడికే వచ్చునా? హెచ్చరిక మాకు తెలిసిన భాషలో వినిపించునా? మూడింటికిని ఔనను జవాబు వచ్చువరకును విడువకుడు. గణితమునందును, యంత్రములయందును ఆసక్తి గల మీ బిడ్డలకు ఈ విద్యను పరిచయము చేయుడు. పాతదైన యొక కంప్యూటరు, రెండు టెలిఫోనులు, ఉచితముగా దొరకు ప్రోగ్రాము ఉన్నచో సాధన ఇంటనే ఆరంభింపవచ్చును.