జాబితాలలో గడులు కలుపరాదు
(సంఘ సర్వసభ్య సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మనము తరతరములుగా ఈ ప్రాంతమున స్థిరపడియున్నవారము. బిడ్డలకు తెలుగు చదువు కావలెనని అర్జీ పెట్టునప్పుడెల్ల అధికారులు మొదట అడుగునది ఒక్కటే: ‘మీ పిల్లలెందరు?’ 1949 ఆగస్టులో జరిగిన రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము, పాఠశాల మొత్తమున 40 మందియైనను, ఒక తరగతిలో 10 మందియైనను ఆ భాషవారున్నచో ప్రాథమిక దశలో ఉపాధ్యాయుని నియమింపవలెనని తీర్మానించినది. మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పింప యత్నింపవలెనను 350-ఎ అధికరణము 1956లో రాజ్యాంగమున చేరినది. కావున మన హక్కు మాటలలో నున్నను, దాని బలము లెక్కలో నున్నది.

ఆ లెక్క విషయముననే మేము ఇటీవల పొరబడితిమి. తప్పు మాదే గనుక దాచక చెప్పుచున్నాము.

ఒక పాఠశాలలోని మన పిల్లల జాబితాను మా కార్యకర్తలు ఎక్సెల్‌లో వ్రాసిరి. కుటుంబ యజమాని పేరు, వీధి, మాతృభాష ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కసారియే వ్రాసి, పిల్లలెందరున్న అన్ని గడులను ‘మర్జ్’ చేసి కలిపిరి. చూచుటకు ముచ్చటగా నుండెను. దానిని సంఘపు కొత్త సభ్యత్వ రిజిస్టరు ప్రోగ్రాములోనికి ఎక్కించి, మాతృభాష తెలుగైన పిల్లలెందరని అడుగగా 19 అని వచ్చినది. ఇంటింటికి తిరిగి మేము వ్రాసికొన్నది 46! అర్జీ టైపు చేయుటకు కూర్చున్న సోదరి ఒకరు, ‘19 మన కుటుంబముల సంఖ్య కదా!’ అనిరి. అప్పుడు గాని మాకు తెలియలేదు. ఆ అర్జీ పోయియున్నచో, 40 మంది లేరని మన చేతితో మనమే వ్రాసి యిచ్చినవార మగుదుము.

కారణ మేమి? మన చిట్టాలలో పేరొకసారి వ్రాసి, క్రింద డిటో గుర్తులు పెట్టుదుము. చదువువాడు మనిషి గనుక గ్రహించును. కలిపిన గడిలో ఆ గుర్తు కూడ నుండదు. కంటికి గడి పెద్దదిగా కనబడినను, విషయము పై యెడమ మూల గడిలో మాత్రమే యుండును; తక్కినవి ఖాళీలు. ఎక్కించుకొను ప్రోగ్రాము వరుస వెంట వరుస చదువును. మొదటి బిడ్డకు తండ్రి పేరు, భాష దొరకును. తమ్ములకు, చెల్లెండ్రకు దొరకవు. ఇదివరకే వ్రాతలున్న గడులను కలిపినచో మూలగడి వ్రాత తప్ప మిగిలినవి పోవును. కలిపిన గడులు పెద్దవి, చిన్నవిగా నున్నచో అక్షరక్రమమున పేర్చుట కూడ సాగదు.

దిద్దుబాటు కష్టము కాదు. ముందుగా జాబితాకు నకలు తీసి యుంచవలెను. నకలులో గడులను ‘అన్‌మర్జ్’ చేసి, ఆ నిలువు వరుసను ఎంచుకొని, ‘గో టు స్పెషల్’లో ‘బ్లాంక్స్’ నొక్కిన ఖాళీలన్నియు ఎంపిక యగును. సమాన చిహ్నము కొట్టి, పైబాణపు మీట నొక్కి, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కిన ప్రతి ఖాళీలో పై గడి విషయము నిండును. తరువాత ఆ వరుసను కాపీ చేసి అచ్చటనే ‘వాల్యూస్’గా పేస్టు చేయవలెను, లేనిచో వరుసలు మార్చినప్పుడు పేర్లు తారుమారగును.

ఒక హెచ్చరిక. నిజముగనే ఖాళీగా నుండవలసిన గడి కూడ ఇట్లే నిండును. ఫోను లేని కుటుంబమునకు పైవారి నంబరు వచ్చి చేరును. కావున చేతివ్రాత ప్రతితో పోల్చి చూడక తప్పదు.

ఇకమీదట శాఖలన్నియు పాటింపవలసినవి ఇవి: ఒక బిడ్డకు ఒక వరుస, ప్రతి వరుసలో తండ్రి పేరు, భాష పూర్తిగా వ్రాయవలెను, శీర్షికకు ఒక్క వరుసయే యుండవలెను. శీర్షిక నడుమ కనబడవలెనన్నచో గడులు కలుపక ‘సెంటర్ అక్రాస్ సెలెక్షన్’ వాడవచ్చును. నోటీసు బోర్డునకు అందమైన ప్రతి వేరుగా చేసికొనుడు. ఎక్కించుటకు ముందును, తరువాతను పిల్లల సంఖ్య, కుటుంబముల సంఖ్య రెండును సరిచూడుడు.

వ్యాపారమున రాత్రి నిలువ తేలనిదే అంగడి మూయము కదా! బిడ్డల లెక్క అంతకంటె తక్కువది కాదు. శాఖల కార్యదర్శులు తమ జాబితాలను మరియొకసారి పరిశీలించి, సరిచేసి పంపవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాము.